శంబూకుడి నుంచి చేపల చెరువు దాకా: కథ నాటకం అయ్యేదెలా?

మహాసభ తేదీ పడగానే మన సంఘాల్లో ఒక మాట వినబడుతుంది: "ఈసారి మనదే ఒక నాటకం రాసుకుందాం." మంచి మాటే. వారం తిరక్కుండా ఎవరో కుర్ర కార్యకర్త నాలుగు కాగితాలు రాసుకొస్తాడు. చదివితే, మొదటి పాత్ర కూలిరేట్ల గురించి చెబుతుంది, రెండోది అవునంటుంది. మూడోది ధరల గురించి చెబుతుంది, రెండోది మళ్లీ అవునంటుంది. చివర్లో అందరూ పిడికిళ్లెత్తుతారు. ఇది నాటకం కాదు. ఉపన్యాసాన్ని ముక్కలు కోసి తలా ఒక ముక్క పంచడం. పొద్దుగూకేదాకా నడుం వంచి నాట్లేసి వచ్చిన ఆడమనిషి దీనికోసం అరగంట కూర్చోదు. కూర్చోనవసరమూ లేదు. ఉపన్యాసమే వినాలంటే నాయకుడి నోటే వింటుంది.

కథనో ఆలోచననో నాటకంగా మార్చడం ఒక పని. కుప్ప వెయ్యడానికి పద్ధతి ఉన్నట్టే దానికీ ఒక పద్ధతి ఉంది. అది నేర్చుకోడానికి పట్నాలకు పోనక్కర్లేదు. బందరు, గుడివాడ, దివిసీమల మధ్య ఉన్న ఈ నేలలో ఆ పని తరతరాలుగా జరుగుతోంది. చేసినవాళ్లందరూ మన పక్షం వాళ్లు కారు. అయితే ఏం? కొలిమి ఎవరిదైనా కొడవలి కొడవలే.

మొవ్వ మండలంలోని కూచిపూడినే చూడండి. సత్యభామా కృష్ణుల కథ పురాణాల్లో, కావ్యాల్లో బోలెడుంది. యుద్ధాలున్నాయి, స్వర్గం నుంచి పారిజాతం చెట్టు పెకలించుకు రావడం ఉంది. సిద్ధేంద్రయోగి చేశాడని చెప్పే భామాకలాపం ఆ హడావిడి అంతా పక్కన పెట్టేసింది. మొగుడితో పంతం పట్టి ఎడబాటు పడ్డ ఒక ఆడమనిషిని మాత్రం పట్టుకుంది. తెర మీదుగా జడ వేసి ఆమె రంగం మీదికొస్తుంది. ఆ జడ ఒక్కటే ఆమె పొగరంతా చెప్పేస్తుంది, ఎవరూ వివరించనక్కర్లేదు. ఆమె పక్కన మాధవి అనే చెలికత్తె ఉంటుంది. ప్రశ్నలడగడమే మాధవి పని. నువ్వెవరు, నీ మొగుడెవరు, పేరు చెప్పవేం, అలిగిందెందుకు? ఆ ప్రశ్నలకి జవాబు చెబుతూ సత్యభామ తన కథంతా తనే బయట పెట్టుకుంటుంది.

ఇక గొల్లకలాపం. ఇది మన కార్యకర్తలు మరీ ముఖ్యంగా తెలుసుకోవలసింది. అందులో కథ దాదాపు లేదు. ఉన్నదంతా చర్చ: పుట్టుక ఎలా జరుగుతుంది, పుట్టుకతో బ్రాహ్మణుడవుతాడా, యజ్ఞం అంటే ఏమిటి? ఇదే చర్చ ఇద్దరు పండితుల మధ్య పెడితే రెండో నిమిషంలో జనం లేచిపోతారు. కానీ ఆ ప్రశ్నలు వేసేది చల్లకుండ నెత్తిన పెట్టుకొచ్చిన ఒక గొల్లభామ. అవతల ఉన్నది బ్రాహ్మణుడు. చల్లమ్ముకునే దానికి శాస్త్రం ఎందుకని అతను తీసిపారేస్తాడు, ఆమె వదలదు. శాస్త్రం గొల్లభామ నోట పెట్టారు గనకే అది నాటకమైంది. ఆలోచన మనది ఎంత గొప్పదైనా సరే, దాన్ని ఎవరి నోట పెట్టాం, ఆ మాట అన్నందుకు ఆ మనిషికి ఏం ముప్పుంది అన్నది తేల్చుకోకుండా కాగితం ముట్టుకోకూడదు.

(ఆ కళ కొన్ని ఇళ్లల్లోనే, అదీ మగవాళ్ల చేతుల్లోనే చాలాకాలం ఉండిపోయిందన్నది నిజమే. కానీ జనం ఊరుకోలేదు. వాళ్ల వీధి భాగవతాలు వాళ్లకున్నాయి, యానాదుల భాగవతం యానాదులకుంది. వాటి గురించి పుస్తకాలు తక్కువ, అంతే తేడా.)

పద్యనాటకాల రోజుల్లో తిరుపతి వెంకట కవుల ఉద్యోగవిజయాలు పల్లెపల్లెకూ పాకాయి. వారిలో చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గారు బందరు హిందూ హైస్కూల్లో పంతులుగా పనిచేసినవారే. భారతమంటే పద్దెనిమిది రోజుల యుద్ధం. కానీ మన తాతలు తెల్లవార్లూ కూర్చుని చూసింది యుద్ధాన్ని కాదు, యుద్ధానికి ముందు జరిగిన రాయబారాన్ని. ఐదూళ్లిస్తే చాలంటాడు అడిగేవాడు, సూదిమొన మోపినంత కూడా ఇవ్వనంటాడు ఉన్నవాడు. ఇది మనకు తెలియని సన్నివేశమా? నాట్ల ముందు కూలిరేటు కోసం రైతు అరుగు దగ్గర జరిగేది రాయబారం కాక మరేమిటి? సమ్మె చూపించడం కష్టం, అందరూ ఒకేసారి అరుస్తారు. సమ్మెకు ముందు రాత్రి బేరం చూపించండి. చెవి రిక్కించి వింటారు.

ఇక అసలు విషయానికి వస్తాను. గుడివాడ పక్కన అంగలూరులో 1887లో పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరి 1920లో శంబూకవధ నాటకం తెచ్చారు. ఆ కథ రామాయణం ఉత్తరకాండలోది. బ్రాహ్మణుడి కొడుకు చచ్చిపోయాడు, దానికి కారణం ఎక్కడో ఒక శూద్రుడు తపస్సు చెయ్యడమేనన్నారు. రాముడు వెతుక్కుంటూ పోయి, నువ్వెవరని అడిగాడు. శూద్రుణ్ణని చెప్పాడు శంబూకుడు. అంతే, తల తెగింది. మూలంలో అతనికి దొరికిన మాటలు ఆ కాసినే. పైనుంచి దేవతలు పూలు కురిపించారు.

రామస్వామి గారు కథను మార్చలేదు. తల తెగడం తెగడమే. ఆయన చేసిందల్లా శంబూకుడికి నోరివ్వడం. తపస్సు ఎందుకు చెయ్యకూడదో చెప్పమని అతను నిలదీస్తాడు. రాముడి వెనక నిలబడి కత్తి చేతికిచ్చే పురోహిత వర్గాన్ని కూడా రంగం మీదికి లాక్కొచ్చారు. అప్పటిదాకా కనపడని వాళ్లు కనపడ్డారు, వినపడని వాడు వినపడ్డాడు. ఇంతకు మించిన కొత్త కల్పనేమీ లేకుండానే అందరికీ తెలిసిన కథ తలకిందులైంది. ఒక తరం పాటు సభల్లో తగాదాలు నడిచాయి.

ఆ నాటకంలో లోటు లేదనను. శాస్త్రం చదివిన శూద్రుడి ప్రశ్న అందులో ఉంది, కళ్లంలో గింజలు కొలిపించుకునే కూలివాడి ప్రశ్న లేదు. పైగా పద్యాలు. హార్మోనియం, గొంతు, తర్ఫీదు ఉన్నవాళ్లకే గాని మన దళాలకు అది పలకదు. కానీ పాఠం మాత్రం తీసుకోవాలి. ఏ కథ తీసుకున్నా ముందు ఒక జాబితా రాయండి: ఇందులో ఉండి మాట్లాడనివాళ్లు ఎవరు? మీ నాటకం బహుశా అక్కడే ఉంటుంది.

మాట్లాడనివాళ్లకు నోరిచ్చే పని పెద్దయెత్తున చేసింది ప్రజానాట్యమండలి. 1943లో బొంబాయిలో ఇప్టా ఏర్పడింది, దానికి మన తెలుగు శాఖగా మండలి పుట్టింది. డాక్టర్ గరికపాటి రాజారావు నడిపించారు. ఆ సంవత్సరమే బెంగాల్ కరువు. ఆ కరువు సుమారు 30 లక్షల మందిని మింగింది. వెయ్యి మైళ్ల అవతల, భాష తెలియని జనం. ఆ వార్తను ఇక్కడి కూలివాడికి ఎలా చెప్పాలి? పొన్నెకల్లు నాజర్ దాన్ని బుర్రకథ చేశారు. బుర్రకథలో తంబురా పట్టిన కథకుడు ఒకడు, గుమ్మెటలతో వంతలిద్దరు. ఒకడు హాస్యం పలుకుతాడు, ఇంకొకడు రాజకీయం. కథకుడు కన్నీళ్లలోకి జారేసరికి హాస్యవంత అడ్డం తగులుతాడు. కథ బెంగాల్లో నడుస్తుంటే రాజకీయవంత "మరి మనూళ్లో బియ్యం ఎక్కడ దాచారన్నా?" అన్నట్టుగా ఒక ప్రశ్న వేసి దాన్ని మన రచ్చబండ దగ్గరికి తీసుకొచ్చేస్తాడు. కూచిపూడి మాధవి చేసిన పనే ఇది, కాకపోతే మాధవి చేతికి ఇప్పుడు గుమ్మెట వచ్చింది.

సుంకర సత్యనారాయణ మన ఈడుపుగల్లు మనిషి. ఆయనా వాసిరెడ్డి భాస్కరరావూ కలిసి ముందు 'ముందడుగు', తర్వాత 1947లో 'మా భూమి' నాటకం రాశారు. మా భూమికి ఆధారం తెలంగాణలో షేక్ బందగీ. విసునూరు దేశ్‌ముఖ్ ఇలాకాలో తన కాస్త భూమి కోసం కోర్టులో పోరాడి గెలిచినవాడు, గెలిచినందుకు దేశ్‌ముఖ్ మనుషుల చేతిలో చచ్చినవాడు. నైజాం సరిహద్దుకు ఇవతల, పోలీసు పాలన వేరు, భూమి పద్ధతి వేరు అయిన మన కోస్తా పల్లెల్లో ఆ నాటకాన్ని వందకు పైగా దళాలు ఆడాయని పాతవాళ్లు చెబుతారు. మద్రాసు ప్రభుత్వం 1948లో నిషేధించింది. ఒక ప్రభుత్వం నాటకాన్ని చూసి భయపడిందంటే అందులో ఉపన్యాసాలు బాగున్నాయని కాదు. ఉపన్యాసాలు వాళ్లు రోజూ వింటూనే ఉన్నారు. పేరున్న ఒక మనిషి, కొలతలున్న ఒక పొలం, చేతిలో కోర్టు కాగితం ఉండి కూడా హత్య. అదీ వాళ్ల భయం.

ఇక్కడో మాట. 1980లో విడుదలైన గౌతమ్ ఘోష్ 'మా భూమి' సినిమా ఈ నాటకం కాదు. అది కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా తీసింది. పేరొకటే కావడంతో మన కార్యకర్తలే చాలామంది కలిపేస్తుంటారు.

సినిమా మాటొచ్చింది కనుక ఇదీ చెప్పాలి. 1939లో గూడవల్లి రామబ్రహ్మం 'రైతుబిడ్డ' తీశారు. జమీందార్ల మీద గురిపెట్టిన సినిమా, సర్కారు దాన్ని నిషేధించింది. మాటలు రాసింది శంబూకవధ కర్త కొడుకు గోపీచంద్. డబ్బు పెట్టిన సారథి ఫిలిమ్స్‌కు అధిపతి ఎవరనుకున్నారు? దివిసీమ చల్లపల్లి జమీందారు. తెర మీద జమీందారీ పోవాలన్నారు. చల్లపల్లి ఎస్టేటు భూముల్లో మాత్రం కూలీలూ కౌలుదార్లూ ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి పోరాడక తప్పలేదు. నాటకం బాగుందని చప్పట్లు కొట్టేవాళ్లంతా నాటకం చెప్పిన పని చేస్తారని నమ్మకండి.

ఇప్పుడు మన కాలానికి, మా దళం అనుభవానికి వస్తాను.

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమ మీద పడింది. సొర్లగొంది, గుల్లలమోద, పాలకాయతిప్ప వంటి ఊళ్లు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. సర్కారు లెక్కే పదివేల దాకా చెప్పింది, అంతకన్నా చాలా ఎక్కువని జనం మాట. నేను ఆ ఉప్పెన తర్వాత పుట్టినవాణ్ణి. కానీ మా వైపు ఏ ఇంట్లోనైనా పెద్దవాళ్లు వయసు లెక్కపెట్టేది ఉప్పెనకు ముందా వెనకా అనే.

దీన్ని నాటకం చెయ్యాలని దళం కుర్రాళ్లు పట్టుబట్టారు. మొదటి చిక్కు, సముద్రాన్ని రంగం మీద చూపించలేం. నీలం గుడ్డ పట్టుకుని ఇద్దరు ఊపుతుంటే పిల్లలు నవ్వుతారు. రెండో చిక్కు ఇంకా పెద్దది: ఉప్పెనలో విలన్ ఎవరు? గాలికి పార్టీ లేదు. మరి నాటకం దేనిమీద నిలబడుతుంది?

పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడిగితే దాదాపు అందరి కథలోనూ ఒక వస్తువు మళ్లీ మళ్లీ వచ్చింది. డాబా మెట్లు. గుడిసెల్లో ఉన్నవాళ్లు పోయారు, డాబా ఎక్కినవాళ్లు బతికారు. అందుకని నాటకమంతా మెట్ల మీద పెట్టాం. ఒక బల్ల, దాని పక్కన మూడు పీటలు ఒకదాని మీద ఒకటి. అదే డాబా. కింద నీళ్లున్నాయని ఎవరూ చూపించరు. ప్రతి కాసేపటికీ పాత్రలు ఒక పీట పైకి జరుగుతాయి. జనానికి అంతే చాలు, నీళ్లు కనపడతాయి.

కాగితం రాసిన కుర్రాడు డాబా రైతు తలుపేసుకున్నట్టు రాశాడు. కూలీలు కొట్టుకుంటారు, వాడు తియ్యడు, అందరూ చస్తారు. వర్గ దృష్టి ఉందని అతని ధైర్యం. రిహార్సల్ చూడ్డానికి వచ్చిన ఒక ముసలమ్మ మధ్యలో లేచింది. "ఆ రాత్రి మా ఊళ్లో తలుపేసింది ఎవర్రా? ఆ రైతు పెళ్లామే నన్ను జుట్టట్టుకుని పైకి లాగింది. అందరం ఆ డాబా మీదే ఉన్నాం తెల్లారేదాకా. మాలోళ్లు, కాపులు, కమ్మోళ్లు, అందరం." కుర్రాడి మొహం చూడాలి.

కొందరన్నారు, ఒక్క ఊరి సంగతి పట్టుకుని నాటకం బలం తగ్గించుకుంటామా అని. నేను ఒప్పుకోలేదు. చూసేవాళ్లలో ఆ రాత్రి బతికినవాళ్లుంటారు. ఒక్క అబద్ధం దొరికితే మిగతా నాటకమంతా అబద్ధమనే అనుకుంటారు, అనుకోవాలి కూడా. తలుపు తీయించాం. తీశాక చూస్తే నాటకం బలం తగ్గలేదు సరికదా, అసలు ప్రశ్న బయటికొచ్చింది. తలుపు వేసి ఉంటే ఆ రైతు చెడ్డవాడు, అంతటితో సరి. మంచివాడైతే మరింకేం మిగిలింది? మెట్ల మీద నిలబడ్డ ఒక పిల్ల అడుగుతుంది: "ఇన్ని గుడిసెలకీ ఒకటే డాబా ఏంటమ్మా?" తల్లి దగ్గర జవాబు లేదు. రైతు పెళ్లాం దగ్గరా లేదు. రెండో అంకంలో తెల్లారుతుంది. నీళ్లు తీశాయి. మెట్లు దిగేటప్పుడు ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది మళ్లీ మొదలవుతుంది. రాత్రి ఒకే చెంబుతో నీళ్లు తాగినవాళ్లు పొద్దున్న చెంబు విడిగా పెడతారు. ఆ చెంబు దగ్గర మాకు మాటే లేదు. ఏ ఊళ్లో ఆడినా అక్కడ మాత్రం నిశ్శబ్దం.

ఆ ముసలమ్మ తర్వాత రెండుసార్లు వచ్చి చూసింది. చెంబు సంగతి తను చెప్పలేదు, మరెవరో చెప్పారు. "అదీ నిజమే" అంది.

పక్షం తీసుకోవడమంటే అవతలివాణ్ణి రాక్షసుణ్ణి చెయ్యడం కాదని ఉత్తరాది దళాలు కూడా తమ పద్ధతిలో నేర్చుకున్నాయి. ఢిల్లీ జన నాట్య మంచ్ సఫ్దర్ హష్మీ పేరు మనకు తెలుసు, 1989 జనవరిలో సాహిబాబాద్‌లో వీధినాటకం ఆడుతుండగా గూండాలు దాడి చేసి చంపారు. చనిపోవడానికి కొద్దికాలం ముందే ఆయన హబీబ్ తన్వీర్‌తో కలిసి ప్రేమ్‌చంద్ కథ ఒకటి తీసుకుని 'మోటేరామ్ కా సత్యాగ్రహ్' నాటకం చేశారు. అందులో పండితుడు సర్కారు మెప్పుకోసం సమ్మె ఆపించడానికి నిరాహారదీక్షకు కూర్చుంటాడు, ఆకలికి మాత్రం ఆగలేడు. తిండిపోతు పాత్ర, జనం నవ్వుతూనే ఉంటారు. ఎవరూ అతన్ని తిట్టరు. ఒక ఉపన్యాసం చెయ్యలేని పని ఒక మిఠాయి చేసి పెడుతుంది.

ఆడేవాళ్ల ఇబ్బందులు క్లుప్తంగా చెబుతాను. ఆరుగురికి మించి పాత్రలు పెట్టకండి, నాట్ల కాలంలో ఏడోవాడు రాడు. నలభై నిమిషాలు దాటకండి, చూసేవాళ్లు తెల్లవారుజామున లేవాలి. ఆడవేషాలు ఆడవాళ్లే వెయ్యాలి. దానికి వాళ్ల ఇళ్లల్లో ఒప్పించడం రిహార్సల్ కన్నా పెద్ద పని, ఆ పని కార్యకర్తదే. మైకు నమ్ముకోకండి. కాగితం బట్టీ పెట్టించకండి. చదువురానివాళ్లకు సన్నివేశం చెప్పి, వాళ్ల మాటల్లో అనమనండి. మీరు రాసినదానికన్నా అదే బాగుంటుంది. నాకు బడిచదువు ఏడుతో ఆగింది, అందుకే ఈ సంగతి ధైర్యంగా చెబుతున్నాను.

ఇప్పుడు మా చేతిలో ఉన్నది ఇంకో ముడి సరుకు. గుడివాడ అవతల నందివాడ వైపు, 2022లో ఏలూరు జిల్లాలో కలిసిన కైకలూరు వైపు వరిచేలు చేపల చెరువులైపోయాయి. వరి ఉంటే నారు పీకాలి, నాటాలి, కలుపు తియ్యాలి. కోత సగం మిషన్లు తన్నుకుపోయినా మిగతా పని ఉంది. చెరువు పడితే గట్టు మీద ఒక కాపలావాడు, మేత వేసేవాడు, పట్టుబడి రోజున వల ముఠా. ఊళ్లో ఆడవాళ్ల పని సున్నా. ఇది ఆలోచన. దీన్నే రాసుకొచ్చి ఇద్దరిచేత చెప్పిస్తే మళ్లీ మొదటికొస్తాం.

అందుకని ఒక ఇంట్లో పెట్టాం. తల్లి నాట్ల ముఠా మేస్త్రి. పాతికేళ్లు ముఠా నడిపింది, పదిమంది ఆడవాళ్లు ఆమె మాట మీద పనికెళతారు. కొడుకు చెరువు గట్టు మీద రాత్రి కాపలా. ఇంటి రేకుల కోసం చెరువు యజమాని దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడు. పక్కనే ఒక కౌలురైతు చేను ఊటకు చెడిపోయింది. ఆ ముఠాకి మిగిలిన చివరి చేను అదే. అతను వచ్చి తల్లికి చెబుతాడు: "ఈ ఏడు నాట్లు లేవమ్మా, చేలో నీళ్లు దిగట్లేదు." ఆడవాళ్లు రాత్రిపూట బయల్దేరతారు, ఊటనీళ్లు పోడానికి గట్టు వారన బోదె తవ్వుదామని. గట్టు మీద కొడుకు చేతిలో బ్యాటరీ లైటు. చీకట్లో పలుగు చప్పుడు. అతను లైటు వేస్తే మొదట కనపడేది తల్లి మొహం.

అక్కడిదాకా కుదిరింది. అక్కడ ఏం చెయ్యాలన్నది దళంలో తేలలేదు. లైటు ఆర్పేసి కొడుకు కూడా పలుగు పట్టాలని కుర్రాళ్లంటారు. రిహార్సల్ చూసిన ఒక కాపలా కూలీ ఒప్పుకోలేదు. "ఆర్పితే అడ్వాన్సు ఎవడు కడతాడన్నా? నేనైతే ఆర్పను. మొహం తిప్పుకుంటాను, లైటు అట్టాగే ఉంచుతాను" అన్నాడు. తల్లి వేషం వేసే ఆవిడ ఇంకోటి చెప్పింది: తనే వాడి దగ్గరికెళ్లి లైటు తీసుకుంటుందట, బోదె తవ్వడానికి వెలుతురు కావాలి గదా అని.

సంక్రాంతి వెళ్లాక నందివాడ వైపు మూడూళ్లలో ఆడబోతున్నాం. ఒక్కో ఊళ్లో ఒక్కోటి ఆడతాం. లైటుకి కొత్త బ్యాటరీలు కొనాలి, పాతవి రెండో రిహార్సల్‌కే అయిపోయాయి.